పాశర్లపూడి మంట

మాఘ శుద్ధ నవమి సాయంత్రం. మర్నాడు రాత్రి అంతర్వేదిలో కల్యాణం, ఆ పైరోజు భీష్మ ఏకాదశికి రథం. రాజోలు సెంటర్లో సఖినేటిపల్లి వైపు వెళ్ళే బస్సులు అప్పుడే నిండిపోతున్నాయి. మేం మాత్రం మా ఆవిడ మేనమామగారింటి అరుగుమీద కూర్చుని కాఫీ తాగుతున్నాం. అల్లుణ్ణి కాబట్టి నాకు రెండో గ్లాసు అడక్కుండానే వచ్చింది.

మావయ్యగారు లెక్కల మాస్టారు. ముప్పై ఆరేళ్ళు జిల్లా పరిషత్ బళ్ళలో చెప్పి రిటైరయ్యారు. మా ఆవిడ కాకినాడలో సైకియాట్రిస్టు. ఒకరంటే ఒకరికి ప్రాణం. ఇద్దరికీ ఓడిపోవడం చేతకాదు. ఆ సాయంత్రం వాళ్ళ మధ్య నడిచిన వాదన కాగితం మీద పెడదామనిపించింది. ఎవరు నెగ్గారని మాత్రం నన్నడక్కండి. ఆ ఇంటికి నేను మళ్ళీ పండగలకి వెళ్ళాలి.

వాదనకి కారణం మా ఆవిడ అమ్మమ్మ. ఎనభై ఏడేళ్ళు. పడక్కుర్చీలో కూర్చుని చీర కొంగు మడతపెడుతూ విప్పుతూ ఉన్నావిడ, తూర్పువైపు కొబ్బరాకుల మీద ఏదో లారీ లైటు పడేసరికి దిగ్గున లేచింది.

"ఒరే అబ్బాయ్, పాశర్లపూడి మంట ఇంకా ఆరలేదురా. మూటలు కట్టండి. ఖాళీ చెయ్యమంటారు."

ఈ తరం వాళ్ళకి కాస్త చెప్పాలి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. చుట్టుపక్కల జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు. అప్పటికి ఊహ తెలిసిన కోనసీమ మనిషెవరూ దాన్ని మరిచిపోలేదు. అమ్మమ్మగారు అన్నీ మరిచిపోతూ కూడా దాన్ని మరిచిపోలేదు.

మా ఆవిడ అలవాటుకొద్దీ, "అది ఆరి ముప్పై ఏళ్ళు దాటింది అమ్మమ్మా" అంది. పెద్దావిడ ముఖం ముడుచుకుపోయింది. "అందరూ కలిసి నా దగ్గర దాస్తున్నారు" అని గొణిగింది. మావయ్యగారు కుర్చీలోంచి కదలకుండానే అన్నారు: "తగ్గుముఖం పట్టిందమ్మా. పైదేశాల నుంచి మనుషుల్ని దింపారు. ఈ రాత్రికి మనకేం భయం లేదు." ఆవిడ "అలాగా" అని కూర్చుంది. మళ్ళీ కొంగు మడత.

తర్వాత ఆయన మేనకోడలి వైపు ఒక చూపు చూశారు. సులువైన లెక్క తప్పు చేసిన మొదటి ర్యాంకు పిల్లని చూసే చూపు.

మావయ్య: చూశావా అమ్మాయ్? ఇది నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. తప్పుని తప్పని చెప్పడమే నా ఉద్యోగం. మా అమ్మ దగ్గర మాత్రం తప్పుకి మార్కులు వెయ్యడం నేర్చుకున్నాను. నువ్వు అంత చదువు చదివి ఆవిణ్ణి ఏడిపించబోయావు.

మేనకోడలు: ఒప్పుకున్నాను మావయ్యా. రోజూ పదిమందికి చెప్పే మాట, మన ఇంట్లోకి వచ్చేసరికి నాకే గుర్తు రాలేదు. కానీ సముదాయించడం వేరు, ఇలా ఎందుకవుతోందో చూడ్డం వేరు. మొదటిది మీకు బాగా వచ్చు. రెండోదాన్ని రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నారు.

మావయ్య: ఎందుకేంటి, ఎనభై ఏడు కాబట్టి! మనవాళ్ళు దీన్ని చాదస్తం అన్నారు. మా నాయనమ్మకీ వచ్చింది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోయి, కోడళ్ళు పస్తు పెడుతున్నారని వీధంతా చెప్పేది. వీధిలో వాళ్ళు అయ్యో అని ఇంకో ముద్ద పెట్టేవారు. ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. హాయిగా వెళ్ళిపోయింది.

మేనకోడలు: హాయిగా అని మీరంటున్నారు. ఆ కోడళ్ళని ఎవరైనా అడిగారా?

వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. నేను గమనించాను. వాదించేవాళ్ళకి అలాంటివి వినపడవు.

మేనకోడలు: వయసే కారణమైతే ముసలివాళ్ళందరికీ రావాలి కదండీ. మన దేశంలో అరవై దాటినవాళ్ళని రాష్ట్రాలవారీగా పరీక్షించి 2023లో లెక్క ప్రకటించారు. నూటికి 7.4 మందికి డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు. దేశం మొత్తం మీద 88 లక్షల మంది. పల్లెల్లో ఎక్కువ, ఆడవాళ్ళలో ఎక్కువ. మిగతా తొంభై రెండుమందీ ముసలివాళ్ళే కదా?

మావయ్య: అరవై వాళ్ళనీ తొంభై వాళ్ళనీ ఒకే గంపలో పోసి సగటు తీస్తే ఆ సగటుకి అర్థం లేదు. ఎనభై ఐదు దాటినవాళ్ళని విడిగా తీసి అప్పుడు మాట్లాడు.

మేనకోడలు: తీస్తే పెరుగుతుంది. చాలా పెరుగుతుంది. అయినా అందరికీ రాదు. పోనీ ఇంకోవైపు నుంచి చూడండి. 1901లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్ట్ అనే ఆవిణ్ణి తీసుకొచ్చారు. మొగుడి మీద అనుమానం, అరుపులు, పేరు రాయమంటే సగంలో ఆగిపోవడం. ఆవిడకి యాభై ఒక్కటి. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, అంతే. ఆవిడ పోయాక ఆల్జీమర్ అనే డాక్టరు మెదడుని మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో మచ్చలూ చిక్కుపడ్డ పీచులూ ఉన్నాయని 1906లో లోకానికి చెప్పాడు. యాభై ఒకటిలో వచ్చినదాన్ని చాదస్తం అంటారా? అన్నట్టు ఆ ఆల్జీమరూ నాలాంటి పిచ్చి డాక్టరే.

మావయ్య: సరే, జబ్బే. మరిచిపోయినవాళ్ళందరికీ ఆ పేరు తగిలిస్తారా? నిన్న నేను కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికాను.

మేనకోడలు: కొబ్బరి కోరాం ఎక్కడ పెట్టానో అని వెతుక్కోవడం పెద్దతనం. కోరాం ముందు కూర్చుని చిప్ప ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియకపోవడం పెద్దతనం కాదు. మొన్న సంక్రాంతికి అమ్మమ్మ అలాగే కూర్చుంది. మీరు అప్పుడు ప్రభలు చూడ్డానికి జగ్గన్నతోట వెళ్ళారు. నేను చూశాను.

ఆయనకి ఇది కొత్త సంగతి. కానీ మాస్టారు అంత తొందరగా పలక కింద పెట్టరు.

మావయ్య: మీ పరీక్షలు నాకు తెలుసులే. తారీకు ఎంత, వందలోంచి ఏడు తీసెయ్, అందులోంచి మళ్ళీ ఏడు తీసెయ్. మా అమ్మ బడి గడప తొక్కలేదు. కానీ కొబ్బరి దింపు అయ్యాక ఎన్ని కాయలు, వర్తకుడు ఎంత ఇవ్వాలి, దింపు కూలి పోను ఎంత మిగలాలి, అంతా నోటితో చెప్పేది. కాగితం మీద వేసిన నాది తప్పేది. అలాంటి మనిషిని తారీకు అడిగి తప్పిందంటారు. ఆవిడకి ఎప్పుడూ తిథే గాని తారీకు తెలీదు.

మేనకోడలు: ఆ చిక్కు మాకూ తెలుసు. అందుకే హర్యానాలో బల్లభ్‌గఢ్ దగ్గర పల్లెల్లో చదువు రానివాళ్ళ కోసం ప్రశ్నలే మార్చారు. హైదరాబాద్ నిమ్స్‌లో తెలుగువాళ్ళకి తగ్గట్టు పరీక్ష కుదిర్చారు. నేను అమ్మమ్మని తారీకు అడగలేదు. పొద్దున తల దువ్వుతూ, ఇది ఏ మాసం అమ్మమ్మా అన్నాను.

మావయ్య: ఏమంది?

మేనకోడలు: నీకు తెలీదా అని నవ్వింది. ఎల్లుండి ఏంటి విశేషం అన్నాను. మళ్ళీ నవ్వింది. తెలియనిదాన్ని నవ్వుతో కప్పేసుకుంటోంది. అంతర్వేది తీర్థం మావయ్యా. కాపరానికొచ్చిన ఏడాది నుంచీ ఒక్క ఏడు కూడా మానలేదని మీరే చెబుతారు.

మావయ్యగారు చాలాసేపు కొబ్బరిచెట్ల వైపు చూశారు. తర్వాత, కాస్త బతిమాలుతున్నట్టు, "యాభై మూడు వరద అడుగు. గట్టు ఎక్కడ తెగిందో, ఎవరి పశువులు కొట్టుకుపోయాయో, దేని మీద అన్నం వండుకున్నారో, పొల్లు పోకుండా చెబుతుంది. తొంభై ఆరు నవంబరు తుఫాను అడుగు" అన్నారు.

మేనకోడలు: చెబుతుంది. మెదడులో కొత్త సంగతిని నమోదు చేసే చోటు ఒకటుంది, ఈ జబ్బులో మొదటి దెబ్బ సాధారణంగా అక్కడే. రాజోలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు రేపట్నించి మూతపడిందనుకోండి. తాతల నాటి దస్తావేజులు ఎక్కడికీ పోవు. కొత్తవి రిజిస్టరు కావు, అంతే. తాతయ్య పోయి ఏడేళ్ళయింది. ఆ కాగితం ఆవిడ దగ్గర సరిగ్గా నమోదు కాలేదు. రోజూ అడుగుతుంది.

మావయ్య: కాలవగట్టు మీదకి వెళ్ళాడమ్మా, వస్తాడు అంటాను. మొదట్లో నిజం చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ అప్పుడే పోయినట్టు ఏడ్చేది. ఒకే మనిషికి ఎన్నిసార్లు వైధవ్యం ఇస్తాం?

నాకు తెలిసి మా ఆవిడకి ఆ రోజు దీనికి జవాబు లేదు. అసలు జవాబు అక్కర్లేదు కూడా, అది ఆవిడ పక్షానే పడే మాట. కానీ ఆయన ఊరుకోకుండా దాన్నే కర్రగా పట్టుకున్నారు.

మావయ్య: మరి, జబ్బని తేలింది. రెండు గోదావరి పాయలు దాటించి, యానాం వంతెన ఎక్కించి, నీ కాకినాడ తీసుకొస్తాను. స్కానింగు గొట్టంలో పెడతారు. ఆవిడ హడలిపోతుంది. అప్పుడేం మందిస్తావు? నయమవుతుందా?

మేనకోడలు: నయం కాదు.

మావయ్య: ఆగుతుందా?

మేనకోడలు: ఆగదు. డోనెపెజిల్ 1996 నుంచీ వాడుకలో ఉంది. కొందరికి కొన్నాళ్ళు కాస్త తేట వస్తుంది. కొందరికి కడుపు తిప్పడం, నాడి నెమ్మదించడం తప్ప ఏం రాదు. మెమాంటిన్ అని ఇంకోటుంది, ముదిరాక ఇస్తాం. లెకానెమాబ్ అని 2023లో అమెరికాలో పూర్తి అనుమతి ఇచ్చారు. రెండు వారాలకోసారి సెలైనులా ఎక్కించాలి, మెదడు వాస్తుందేమో రక్తం చిమ్ముతుందేమో అని మధ్యమధ్య స్కానింగు తియ్యాలి. అదీ తొలిదశలో వాళ్ళకే, అదీ కాస్త వేగం తగ్గించడానికే. అమ్మమ్మకి నేను రాయను.

మావయ్య: విన్నారా అల్లుడుగారూ? నయం కాదు, ఆగదు, రాయదు. దానికి ఇంత దారి ఖర్చు.

నేను కాఫీ గ్లాసులోకి చూశాను.

మేనకోడలు: మావయ్యా, మీరు లెక్కలో మొదటి మెట్టు వదిలేసి చివరి మెట్టు అడుగుతున్నారు. మా మొదటి పని ఇది ఆల్జీమర్ అని తేల్చడం కాదు, ఇంకేదీ కాదని తేల్చడం. మన పెద్దవాళ్ళలో సోడియం పడిపోవడం మీకు తెలుసు కదా?

మావయ్య: తెలియకేం. ఎదురింటి పెద్దాయన ఉన్నట్టుండి కొడుకునే ఎవడ్రా నువ్వన్నాడు. సోడియం ఎక్కించారు, మూడోరోజుకి పేకాటకొచ్చాడు.

మేనకోడలు: ఆయ్, అదే. బీపీకిచ్చే నీటిబిళ్ళల్లో కొన్నిటితో అలా పడిపోతుంది. థైరాయిడ్ తగ్గినా మతి మందగిస్తుంది. షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్, పొద్దున్నే వేసుకునే గ్యాసు బిళ్ళ, ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, అది తగ్గినా ఇంతే. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే మనకి మంట, వాళ్ళకి మాట తడబాటు. బాత్రూంలో జారిపడి రెండు నెలలైందని అందరూ మరిచిపోతారు, లోపల పుర్రె కింద రక్తం మెల్లగా చేరుతూ ఉంటుంది. దిగులు ఇంకోటి. దిగులు ముదిరిన మనిషి తనే వచ్చి, నాకేం గుర్తుండట్లేదు డాక్టరమ్మా అంటాడు. డిమెన్షియా మనిషి తనకేం లేదంటాడు, ఇంట్లోవాళ్ళు చెబుతారు. ఎప్పుడూ అలాగే ఉంటుందని కాదు, కానీ చాలాసార్లు. వీటిలో సగం ఇక్కడే రాజోల్లో నెత్తురు తీసి చూడొచ్చు. కాకినాడ తర్వాత సంగతి.

ఇక్కడ అత్తయ్యగారు మొదటిసారి బయటికొచ్చారు. చేతులు కొంగుతో తుడుచుకుని, ఒక బిళ్ళల పట్టీ మా ఆవిడ చేతిలో పెట్టారు. "ఇది కూడా చూడమ్మా. ఆవిడ రాత్రిళ్ళు పడుకోవట్లేదని ఊళ్ళో డాక్టరు గారిచ్చారు. ముందు అర. తర్వాత ఒకటి. రెండేళ్ళయింది" అని లోపలికెళ్ళిపోయారు.

ఊళ్ళో డాక్టరంటే ఎంబీబీఎస్ కాదని కోనసీమలో వేరే చెప్పక్కర్లేదు.

మా ఆవిడ పట్టీని దీపం కింద పెట్టి చదివింది. "నిద్రబిళ్ళ" అంది. "ఎనభై దాటినవాళ్ళకి ఇది మతిని మసకబారుస్తుంది, కాళ్ళు తడబడి పడేస్తుంది. రెండేళ్ళుగా ఆవిడ జబ్బెంతో, ఈ బిళ్ళెంతో మనకిప్పుడు తెలీదు." మావయ్యగారు రేపట్నించే ఆపేస్తానన్నారు. "వద్దు! ఒక్కసారి ఆపితే ఇంకా ప్రమాదం, ఫిట్సు రావచ్చు. నేను రాసిస్తాను, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి."

రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మావయ్యగారు చుట్ట తీశారు. నన్నడిగితే అక్కడ ఆయన తన గొయ్యి తనే తవ్వుకున్నారు.

మేనకోడలు: అమ్మమ్మ సంగతి అటుంచండి. మీ సంగతేంటి? లంక పొగాకు. బీపీ మామూలుగా ఉందని బిళ్ళ మానేశారని అత్తయ్య చెప్పింది. బిళ్ళ వేసుకున్నారు కాబట్టే కదండీ మామూలుగా ఉంది?

మావయ్య: నాకు అరవై ఎనిమిదే. నా మెదడుకేం, రాయిలా ఉంది. పైగా కొబ్బరి తింటాం మనం. కొబ్బరినూనె మతిమరుపుకి మంచిదని అమెరికాలోనే అన్నారంట.

కోనసీమలో పుట్టినవాడికి ఈ వార్త నచ్చకుండా ఎలా ఉంటుంది. దురదృష్టవశాత్తూ దానికి నమ్మదగ్గ ఆధారం లేదనీ, చెడ్డ కొలెస్ట్రాలు పెంచడం మాత్రం నిజమనీ మా ఆవిడ చెప్పింది. సరస్వతి లేహ్యం గురించి కూడా ఆయన అడిగారు. ఆ ముచ్చట వదిలేస్తాను, అది రెండు పక్షాలా కొత్తదేం కాదు.

మేనకోడలు: లాన్సెట్ పత్రిక తరఫున పెద్ద నిపుణుల సంఘం 2024లో ఒక లెక్క చెప్పింది. డిమెన్షియాకి మన చేతిలో ఉన్న కారణాలు పద్నాలుగు. చిన్నప్పుడు చదువు లేకపోవడం, చెవుడు, చూపు తగ్గడం, బీపీ, షుగరు, కొలెస్ట్రాలు, పొగ, మందు, లావు, కదలకుండా కూర్చోవడం, దిగులు, తలకి దెబ్బ, ఒంటరితనం, గాలి కాలుష్యం. ఇవన్నీ లేకపోతే 45 శాతం దాకా తప్పుతుందని.

మావయ్య (వేళ్ళు లెక్కపెట్టి): పద్నాలుగే. కానీ ఆ 45 తప్పు లెక్క. నేను చుట్ట మానేస్తే నా ప్రమాదం 45 తగ్గుతుందా?

మేనకోడలు: తగ్గదు. అది ఊరి లెక్క, మనిషి లెక్క కాదు. ఊళ్ళో వందమందికి రావాల్సి ఉంటే, ఆ పద్నాలుగూ పూర్తిగా మాయమైతే, నలభై ఐదుమందికి రాకపోవచ్చు, లేదా ఆలస్యంగా రావచ్చు. ఆ నలభై ఐదుగురిలో మీరుంటారో లేదో ఎవరూ చెప్పలేరు.

మావయ్య: అలా చెప్పు. అప్పుడు ఒప్పుకుంటాను.

మేనకోడలు: ఏంటీ?

మావయ్య: ఒప్పుకుంటానన్నాను!

మేనకోడలు: అలా అరుస్తున్నారేం? మీకే సరిగ్గా వినపడక. టీవీ వీధి చివరికి వినపడుతోంది. చెవి మిషను పెట్టుకోరు. వినపడనివాడు నలుగురిలో కూర్చోడు, కూర్చోనివాడికి మాట తగ్గుతుంది, మాట తగ్గితే మెదడుకి పని తగ్గుతుంది. మిషను పెట్టుకుంటే అందరికీ మేలని 2023లో వచ్చిన పెద్ద పరీక్ష తేల్చలేదు, నిజం చెప్పాలి. కానీ బీపీ, షుగరు లాంటివి ఉన్నవాళ్ళలో మతి జారడం బాగా నెమ్మదించింది. మీరు ఆ గుంపులోనే ఉన్నారు.

మావయ్య: రోజూ సుడోకు చేస్తున్నాను కదా.

మేనకోడలు: సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది. ఫిన్లాండులో 1,260 మంది పెద్దవాళ్ళ మీద రెండేళ్ళు చూశారు. తిండి, నడక, మెదడుకి పని, బీపీ షుగరు అదుపు, అన్నీ కలిపి చేయిస్తే తేడా కనబడింది, అదీ కొంచెమే. మనవాళ్ళ సంగతి చెప్పమంటారా? 2013లో సువర్ణ అల్లాడి గారు, నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్లని లెక్క తీశారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఒకటే భాష వచ్చినవాళ్ళకంటే నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చింది. చదువు రానివాళ్ళలో కూడా. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, దక్కనీ వీధిలోనే అబ్బుతాయి కదా. వేరే దేశాల్లో అన్నిచోట్లా ఇలా తేలలేదు, కానీ ఆలోచించదగ్గది.

మావయ్య: మన వీధిలోంచి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళందరికీ అరబ్బీ వచ్చు. వాళ్ళ అమ్మలకి మాత్రం తెలుగు మాట్లాడేవాళ్ళే లేరు. నాలుగిళ్ళకి తాళాలు, రెండిళ్ళల్లో ఒంటరి ముసలమ్మలు. ఇదీ నీ పద్నాలుగులో ఉందన్నావు కదూ.

ఆ మాటతో వాదన మళ్ళీ ఊరి మీదకి మళ్ళింది. నాకు అసలు సంగతి అక్కడే మొదలైందనిపిస్తుంది.

మావయ్య: నువ్వు కాకినాడలో పేరు పెడతావు. పేరు పెడితే ఏం ఒరుగుతుంది? సైకియాట్రీ అంటే ఊళ్ళో చినవాల్తేరు పిచ్చాసుపత్రే గుర్తొస్తుంది. రేపు తమ్ముళ్ళు వచ్చి, అమ్మకి మతి లేదని డాక్టరే రాసింది, ఆవిడ వేసిన వేలిముద్రలు చెల్లవంటారు.

మేనకోడలు: జబ్బు పేరు రాసినంత మాత్రాన మతి స్థిమితం లేనట్టు కాదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. అది తేల్చాల్సింది కోర్టు. పైగా ముందే తెలిస్తే, మనసు తేటగా ఉన్నప్పుడే తనకి ఎలాంటి వైద్యం కావాలో వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో, ఆవిడే రాయించుకోవచ్చు. మనం ఆ గడువు దాటించేశాం.

మావయ్య: ఆవిడ కోరిక నాకు తెలుసు. ఈ ఇల్లు దాటించొద్దంది. ఇక్కడ తప్పిపోదు. కాలవగట్టు మీద ఎవరు చూసినా, మాస్టారి తల్లి అని చెయ్యి పట్టుకుని తెచ్చి దిగబెడతారు. మూడుసార్లు తెచ్చారు. నీ కాకినాడలో ఎవరు తెస్తారు?

మేనకోడలు: ఎవరూ తేరు. అది మీ ఊరి గొప్పే. కానీ రాత్రి రెండు గంటలకి, వెనక తలుపు తీసుకుని కాలవలో దిగితే, గట్టు మీద ఎవరుంటారు మావయ్యా?

"నేనుంటాను."

అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలీదు.

"గొళ్ళెం పైకి బిగించాను, చెయ్యి అందకుండా. స్టూలు వేసుకుని తీసింది. స్టూలు అటక మీద పెట్టేశాను. ఇప్పుడు తలుపుకడ్డంగా చాప వేసుకుని పడుకుంటున్నాను, తొక్కితే మెలకువ వస్తుందని. గ్యాసు సిలిండరు దగ్గరే కట్టేస్తున్నాను, పొయ్యి తిప్పి వదిలేస్తోంది." ఆవిడ గొంతులో ఫిర్యాదు లేదు. సరుకుల చీటీ చదువుతున్నట్టుంది. "అవి సరేనమ్మా. ఒకటి అడుగుతాను. కాసులపేరు నేను తీశానంటోంది. రోజూ. మొన్న దింపుకొచ్చిన కూలీల ముందు కూడా అంది. అది తనే బియ్యం డబ్బాలో దాచుకుంది, నేను తీసి చూపిస్తే, ఇప్పుడు తెచ్చి పెట్టావు దొంగముండా అంది."

మా ఆవిడ లేచి వెళ్ళి ఆవిడ పక్కన గడప మీద కూర్చుంది. ఆ సాయంత్రం మొదటిసారి డాక్టరులా మాట్లాడింది. ఈ జబ్బులో ఇది చాలా మామూలు అంది. దాచడం గుర్తుండదు, వస్తువు కనబడదు, ఆ ఖాళీని మెదడు ఒక దొంగతో నింపుతుంది. ఆ దొంగ ఎప్పుడూ దగ్గరివాళ్ళే, ఎందుకంటే కళ్ళ ముందు ఉండేది వాళ్ళే. ఆగస్ట్ మొగుణ్ణి అనుమానించినట్టే. పక్కవాళ్ళతో ఆవిడ బాగానే మాట్లాడుతుంది. రోజూ అన్నం పెట్టే చెయ్యే దొంగ చెయ్యి అవుతుంది. వాదించకుండా, పదండి ఇద్దరం వెతుకుదాం అనాలి. మరీ ముదిరి రాత్రిళ్ళు గోల, కొట్టడం మొదలైతే మందులున్నాయి. కానీ డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో అవి ప్రాణానికే ముప్పు పెంచుతాయని 2005 నుంచీ హెచ్చరిక ఉంది. కాబట్టి చివరికే, కొంచెమే, కొన్నాళ్ళకే. మెదడు బొమ్మ తీసేది న్యూరాలజిస్టయినా, ఈ అనుమానాలూ, ఈ రాత్రులూ, వాటి మధ్యలో నలిగే మనిషీ మా వాటా, అంది.

అత్తయ్యగారు చాలాసేపు ఊరుకున్నారు. "అయితే అది జబ్బు మాటన్నమాట."

"జబ్బు మాటే అత్తయ్యా."

"నలభై రెండేళ్ళు కలిసున్నాం. నన్నొక్క మాట అన్న మనిషి కాదు. ఎప్పట్నించో మనసులో ఉన్నదే ఇప్పుడు బయటికొచ్చిందనుకున్నాను. శివకోడు గుళ్ళో దీపం ఆర్పి ప్రమాణం చేశాను, నేను తియ్యలేదని."

మావయ్యగారి చేతిలో చుట్ట ఆరిపోయింది. "ప్రమాణం చేశావా? నాతో చెప్పలేదేం?"

"మీరు చాదస్తం అన్నారు కదండీ. చాదస్తానికి ఇంక చెప్పేదేముంది?"

నేను ఆ ఇంటికి పదిహేనేళ్ళుగా వెళ్తున్నాను. మావయ్యగారికి జవాబు దొరక్కపోవడం అప్పుడే చూశాను. పేరు పెడితే ఏం ఒరుగుతుందని ఆయన ఇందాకే అడిగారు.

మా ఆవిడ టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 గోడ క్యాలెండరు మీద రాసింది. "ఇది అమ్మమ్మకి కాదు. మీకు, నిద్ర లేని రాత్రులకి. తెలుగులోనే మాట్లాడతారు." పొద్దున్నే నెత్తురు తీసుకెళ్ళడానికి ల్యాబు కుర్రాడికి ఫోను చేసింది. అత్తయ్యగారు ఒక్కటే అడిగారు: రేపు కల్యాణానికి ఎవరైనా వెళ్తున్నారా, అక్షింతలు తెస్తారా అని. కిందటేడూ వెళ్ళలేదు, అంతకు ముందేడూ లేదు.

"నువ్వే వెళ్ళు. అమ్మాయీ అల్లుడూ తీసుకెళ్తారు. అమ్మని నేను చూసుకుంటాను" అన్నారు మావయ్యగారు.

ఆవిడ నవ్వారు. ఆయన లోపలికెళ్ళి పొడుగు నోటుబుక్కు తెచ్చారు. స్కేలు పెట్టి గీతలు కొట్టారు. సమయం, తిండి, బిళ్ళ, ఇతరములు. మొదటి గడిలో "ఉదయం 6" అని రాసి పెన్ను పట్టుకుని చూశారు. "చెప్పు. పొద్దున లేవగానే ఏం ఇస్తావు?"

"లేవడానికి పడుకుంటే కదా. రాత్రి రెండు దగ్గర మొదలుపెట్టండి."

ఆయన ఆరు కొట్టేశారు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. రెండింటికి తాతగారిని వెతకడం, మూడింటికి నీళ్ళు, బాత్రూం దాకా ఎడమచెయ్యి పట్టుకోవాలి, కుడిచెయ్యి పట్టుకుంటే విదిలిస్తుంది. మావయ్యగారు పేజీ తిప్పారు. అప్పుడే కరెంటు పోయింది. ఆయన ఫోను లైటు వేసుకుని రాస్తూనే ఉన్నారు.

ఆ వెలుగు కిటికీలోంచి లోపలికి పడినట్టుంది. "ఒరే అబ్బాయ్, మంట" అని పెద్దావిడ కేకేసింది.

ఆయన తలెత్తేలోగా మా ఆవిడ లేచింది. "తగ్గుముఖం పట్టిందమ్మమ్మా, పైదేశాల నుంచి మనుషుల్ని దింపారంట" అంటూ చీకట్లో తడుముకుంటూ లోపలికెళ్ళింది.